శుక్రవారం తీర్పు



ఆడియో ఫంక్షన్లు పోయి ప్రీ రిలీజ్ ఈవెంట్లు వచ్చాయి కదా. వాటిలోనూ, సినిమా విడుదలయ్యాక పెట్టే సక్సెస్ మీట్లలోనూ ఈ మధ్య తరచూ వినబడే ఫిర్యాదు ఒకటుంది. రివ్యూలు సినిమాను చంపేస్తున్నాయట. మార్నింగ్ షోలో ఇంటర్వెల్ కార్డు పడకముందే ‘సెకండాఫ్ సాగింది’ అని ఫోన్లో తీర్పు వచ్చేస్తోందట. ఇంకా చూడని సగం ఎలా సాగిందో చెప్పగల దివ్యదృష్టి ఉన్నవాళ్ల మీద కోపం రావడంలో తప్పేమీ లేదు.

ఈ కోపం మన ఒక్కరిదే కాదు. కేరళలో 2023లో ఒక దర్శకుడు నేరుగా హైకోర్టుకే వెళ్లాడు. కోర్టుకు సాయపడడానికి నియమితుడైన న్యాయవాది మరుసటి ఏడాది మార్చిలో ఇచ్చిన నివేదికలో, సినిమా విడుదలైన 48 గంటల దాకా వ్లాగర్లు రివ్యూలు పెట్టకుండా ఆగితే మంచిదని సూచించాడు. తమిళనాడులో 2024లో ‘ఇండియన్ 2’, ‘వేట్టయన్’, ‘కంగువా’ వరసగా తిట్లు తిన్నాక, యూట్యూబ్ చానళ్ల వాళ్లను థియేటర్ ఆవరణలోకి రానివ్వొద్దని నిర్మాతల మండలి థియేటర్ల యజమానులను కోరింది. మొదటి మూడు రోజులు రివ్యూలే ఉండకూడదంటూ మద్రాస్ హైకోర్టులో పిటిషన్ కూడా పడింది. భావప్రకటన స్వేచ్ఛ అనేది ఒకటుందని గుర్తు చేసి, న్యాయమూర్తి అప్పటికప్పుడు నిషేధం ఇవ్వడానికి ఒప్పుకోలేదు. మన దగ్గర 2024 ఏప్రిల్‌లో ఒక పెద్ద హీరో సినిమా మీద పనిగట్టుకుని దుష్ప్రచారం చేస్తున్నారని ఆ బృందం పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది.

ఈ ఫిర్యాదులో నిజం లేదని నేను అనను. అభిమాన సంఘాల పోట్లాటలో ఎదుటి హీరో సినిమాను మొదటి ఆటకే పాడె ఎక్కించే వాళ్లున్నారు. డబ్బులు తీసుకుని పొగిడే వాళ్లున్నారు, అడిగినంత ఇవ్వలేదని తెగిడే వాళ్లూ ఉన్నారు. కానీ ఒక ప్రశ్న మిగిలిపోతోంది. నలుగురు చెప్పే నాలుగు మాటలకు వందల కోట్ల సరుకు కూలిపోయేటంత బలం ఎక్కడి నుంచి వచ్చింది? సమీక్షకుడికి ఆ బలం పుట్టుకతో రాలేదు. పరిశ్రమే తన వ్యాపార పద్ధతి మార్చుకుంటూ మార్చుకుంటూ, ఆ బలాన్ని తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఈ పూట నేను చెప్పదలచుకున్నది అదే.

ఒక పాత సంగతి చూద్దాం. 1980 ఫిబ్రవరి 2న ‘శంకరాభరణం’ విడుదలైంది. కథానాయకుడు వయసు మళ్లిన సంగీత విద్వాంసుడు. ఆ వేషం వేసిన సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేసుకునే రంగస్థల నటుడు. కథానాయిక మంజుభార్గవి అప్పటిదాకా ఎక్కువగా నృత్య పాత్రల్లో కనిపించిన నటి. ఫైట్లు లేవు. మొదటి ఆటలకు హాళ్లు పలచగా ఉన్నాయని, కొనడానికి ముందుకొచ్చిన వాళ్లు తక్కువని ఆ సినిమా చరిత్ర తెలిసిన వాళ్లంతా చెబుతారు. ఆ తర్వాత ఏమైందో మీకు తెలుసు. చూసినవాళ్లు ఇంటికెళ్లి చెప్పారు, విన్నవాళ్లు వారం తర్వాత వెళ్లారు, వాళ్లు ఇంకొకరిని తీసుకెళ్లారు. తమిళనాట, కేరళలో కూడా ఆడింది. అదే ఏడాది మార్చి 23న ‘మా భూమి’ వచ్చింది. గౌతమ్ ఘోష్ అనే బెంగాలీ యువకుడి దర్శకత్వం, నాటక సంఘాల నటులు, తెలంగాణ సాయుధ పోరాటం కథ. ఆ సినిమా హైదరాబాద్‌లో ఉదయం ఆటలుగా ఏడాది పాటు నడిచింది. ఏడాది! ఈ రెండిటినీ ఇవాళ్టి లెక్కలో పెట్టి చూడండి. ‘శంకరాభరణం’ శనివారం విడుదలైంది. సోమవారం మధ్యాహ్నానికి షోలు సగానికి తగ్గించేసేవారు. బుధవారానికి ఆ తెర మీద ఇంకో సినిమా ఉండేది. ‘వాష్ అవుట్’ అని ట్రేడ్ వాళ్లు రాసేసేవారు. నోటి మాట ఊరు చుట్టి వచ్చేసరికి బొమ్మ ఉండేది కాదు.

ఇంకొకటి చెబుతాను, ఇది నాకు మరీ ఇష్టమైన ఉదాహరణ. ‘జగదేక వీరుడు అతిలోక సుందరి’ 1990 మే 9న విడుదలైంది. అదే రోజు కోస్తా మీద పెనుతుఫాను విరుచుకుపడింది. రోడ్లు తెగిపోయాయి, కరెంటు లేదు, ఇళ్లలో నీళ్లు. అటువంటి రోజున సినిమాకు ఎవరు పోతారు? ఇవాళ ఒక భారీ సినిమాకు మొదటి మూడు రోజులు ఇలా ముంచుకొస్తే, ఆ నిర్మాతను చూడడానికి వెళ్లేవాళ్లు పండ్లబుట్ట పట్టుకుని వెళ్లాలి. కానీ ఆ సినిమా ఆ ఏడాది పెద్ద హిట్టు. వాన తగ్గాక జనం వచ్చారు. సినిమా ఆ జనం కోసం ఆగింది, అంతే. తుఫానునే తట్టుకున్న సినిమాను రివ్యూ ఏం చేస్తుంది?

అప్పట్లో ఆగడం కుదిరింది, ఎందుకంటే వ్యాపారమే అలా ఉండేది. ప్రింటు వేయడం ఖరీదైన పని. కొన్ని పదుల ప్రింట్లు వేసి, ముందు విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాద్ లాంటి ఎ సెంటర్లలో విడుదల చేసేవారు. అక్కడ ఆడగా ఆడగా, అరిగిన ప్రింటు బి సెంటర్లకు, ఆ తర్వాత సి సెంటర్లకు దిగేది. ఊరి టూరింగ్ టాకీసుకు వచ్చేసరికి ఆరు నెలలు దాటినా ఆశ్చర్యం లేదు. ‘బాక్సు వచ్చిందా’ అని బస్టాండు దగ్గర కుర్రాళ్లు అడిగేవారు. వారపత్రికలో సమీక్ష సినిమా వచ్చిన పదో రోజుకో పదిహేనో రోజుకో అచ్చయ్యేది. అది ఎంత కారంగా ఉన్నా డబ్బు మీద దాని దెబ్బ అంతంతమాత్రం. చదివినవాళ్లు నవ్వుకునేవారు, సినిమాకు ఎలాగూ పోయేవారు.

ఇప్పుడు రీలు లేదు, బాక్సు లేదు. డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక ఒకే శుక్రవారం ఉదయం శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఒకేసారి బొమ్మ పడుతుంది. ప్రింటు ఖర్చు పోయింది కాబట్టి దొరికిన ప్రతి తెరనూ మొదటి రోజే ఆక్రమించడం మొదలైంది. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ఏరియాలు కట్టి, బయ్యర్ల దగ్గర ముందే అడ్వాన్సులు తీసుకుంటారు. ఆ అడ్వాన్సు మొదటి వారాంతంలో సగానికి పైగా తిరిగి రావాలి. అందుకని టికెట్ రేటు పెంచమని ప్రభుత్వానికి అర్జీ పెడతారు. ఆ జీవోలను ఎప్పుడైనా జాగ్రత్తగా చదివారా? ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, వారమో పది రోజులో, పెంచుకోవచ్చు అని ఉంటుంది. అంటే సినిమాకు సంపాదించుకునే ఆయుష్షు పది రోజులని పరిశ్రమే అడిగి మరీ రాయించుకుంటోంది. 2025 సెప్టెంబర్‌లో ఒక పెద్ద సినిమాకు ఆంధ్రప్రదేశ్‌లో అర్ధరాత్రి దాటాక వేసే బెనిఫిట్ షోకు 1000 రూపాయల టికెట్ పెట్టుకోవడానికి అనుమతి వచ్చింది. నేల టికెట్ కొన్నవాడు బాగుందో లేదో తనే చూసి తేల్చుకునేవాడు. వెయ్యి రూపాయలు పెట్టేవాడు, నలుగురితో వెళితే నాలుగు వేలు పెట్టేవాడు ముందు ఎవరినో ఒకరిని అడుగుతాడు. అడగకపోతే అమాయకుడు. ధర పెంచినప్పుడల్లా సమీక్షకు ఇంకో పాఠకుణ్ణి పుట్టిస్తున్నారన్న మాట.

ఆ ధర, ఆ తొందర, ఆ ముందు రోజు ప్రీమియర్లు ఎక్కడికి దారి తీశాయో 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో చూశాం. ‘పుష్ప 2’ ప్రీమియర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె బిడ్డ నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఇక మీదట బెనిఫిట్ షోలు ఉండవని ప్రభుత్వం శాసనసభలోనే చెప్పింది. ఏడాది తిరగకుండానే మళ్లీ మొదలయ్యాయి.

మన తీర్పు మన దగ్గర పుట్టడం కూడా మానేసింది. అమెరికాలో తెలుగు సినిమాకు గురువారం సాయంత్రమే ప్రీమియర్ పడుతుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మన పిల్లలు ఆఫీసు నుంచి నేరుగా వెళ్లి చూసి బయటికొచ్చేసరికి మనకు అప్పుడప్పుడే తెల్లవారుతుంటుంది. విశాఖపట్నంలో మార్నింగ్ షోకు క్యూ కట్టినవాడు, ఆ సినిమా క్లైమాక్స్ తేలిపోయిందని అప్పటికే చదివేసి ఉంటాడు. ఈ ఏర్పాటు చేసింది ఏ సమీక్షకుడూ కాదు. డాలర్ల కోసం పరిశ్రమ తనే చేసుకుంది.

సరే, ఇంత బలం అయాచితంగా దొరికింది కదా, సమీక్షకులం దానితో ఏం చేశాం? ఇక్కడ మా వాళ్లను వెనకేసుకు రాలేను.

తెలుగులో సినిమా సమీక్షకు మంచి వంశమే ఉంది. 1950ల్లో ఆంధ్రపత్రిక వారపత్రికలో ముళ్లపూడి వెంకటరమణ గారు రాసిన సమీక్షల చురుకు అప్పటివాళ్లకు బాగా తెలుసు. సినిమా లోకం మీద ‘విక్రమార్కుని మార్కు సింహాసనం’ అని వ్యంగ్య రచనే చేశారు. పరిశ్రమ ఆయన మీద కేసు పెట్టలేదు, థియేటర్ గేటు మూయలేదు. పిలిచి డైలాగులు రాయించుకుంది. ఆయన సంభాషణలతో మొదట విడుదలైన సినిమా 1962లో వచ్చిన ‘రక్త సంబంధం’. వెటకారానికి పేరుపడ్డ మనిషి చేత చెల్లెలి కోసం కుమిలిపోయే అన్నగారి కథ రాయించారంటే, ఆ నిర్మాతల ధైర్యాన్ని మెచ్చుకోవాలి. హాళ్లలో చీర కొంగులు తడిసిపోయాయి. తర్వాత ‘మూగ మనసులు’ రాశారు, 1967లో బాపు గారితో కలిసి ‘సాక్షి’ తీశారు. అటువైపు కొడవటిగంటి కుటుంబరావు గారు. ఆయన సినిమా మీద రాసిన వ్యాసాలు ఒక సంపుటమే అయ్యాయి. ఆయనకు హీరో హీరోయిన్ల కంటే, ఈ సినిమా ఎవరి జీవితం చూపిస్తోంది, ఎవరిని మభ్యపెడుతోంది అన్నది ముఖ్యం. మరో వైపు 1966లో నాగిరెడ్డి గారు మొదలుపెట్టిన ‘విజయచిత్ర’. స్టూడియో యజమాని పెట్టిన పత్రిక కాబట్టి అందులో చురకలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. కానీ సినిమా ఎలా తీస్తారో, సెట్టు ఎలా వేస్తారో, ఎడిటర్ ఏం చేస్తాడో జనానికి ఓపిగ్గా చెప్పింది. ఆ మూడు దారులూ మా ముందున్నాయి. మేం మూడూ వదిలేసి నాలుగోది పట్టాం.

ఆ నాలుగో దారి ఎలా ఉంటుందో మీరు రోజూ చదువుతూనే ఉన్నారు. కథేంటంటే. ఎలా ఉందంటే. ఎవరెలా చేశారంటే. ప్లస్ పాయింట్స్, మైనస్ పాయింట్స్. ఛాయాగ్రహణం బాగుంది, నేపథ్య సంగీతం సినిమాకు ప్రాణం, ఎడిటర్ కత్తెరకు ఇంకాస్త పని చెప్పాల్సింది, నిర్మాణ విలువలు ఉన్నతంగా ఉన్నాయి. ఈ పేరాను ఏ సినిమా నుంచి తీసి ఏ సినిమాకు అతికించినా అతుకు కనబడదు. ఛాయాగ్రహణం బాగుండడమంటే ఏమిటి? ఏ సీన్లో, ఏ వెలుతురు, ఎవరి ముఖాన ఎలా పడింది? ఎడిటర్ కత్తెర వేయాల్సింది ఎక్కడ? చెప్పరు. చివర అయిదింటికి ఇన్ని అని మార్కులు. అందులోనూ తెలుగు వాళ్లకే సొంతమైన ఒక సంఖ్య ఉంది, 2.75. మూడు ఇస్తే బాగుందన్నట్టు, రెండున్నర ఇస్తే పోయిందన్నట్టు. రేపు ఆ హీరో ఇంటర్వ్యూ కావాలి, ఎల్లుండి ఆ బ్యానర్ ప్రకటన కావాలి, అయినా పాఠకుడి ముందు పరువు దక్కాలి. ఈ మూడిటి మధ్య ఇరుక్కున్న మనిషి మూలుగు పేరే 2.75.

ఇదే పరిశ్రమ శనివారం నాడు ఏం చేస్తుందో చూడండి. మూడున్నర ఇచ్చినవాళ్ల చుక్కలన్నీ పోస్టర్ మీద పేర్చి పేపర్లో వేస్తుంది. మార్కులు ఎక్కువొస్తే ప్రజాతీర్పు, తక్కువొస్తే కుట్ర.

2025లో, రివ్యూలను పరిశ్రమ ఎంత అవసరంగా వాడుకుంటుందో చూపించిన సినిమా ‘కోర్ట్’. మార్చి 14న విడుదల. దర్శకుడు రామ్ జగదీష్ కొత్తవాడు. సమర్పించిన నాని, ఈ సినిమా నచ్చకపోతే నా తర్వాతి సినిమా చూడొద్దని వేదిక మీదే చెప్పాడు. రెండు రోజుల ముందే డబ్బులు పెట్టి చూసే ప్రీమియర్లు వేశారు. ఎందుకు? టాక్ బయటికి రావాలని. చెప్పండయ్యా, చెప్పండి అని బతిమాలుకున్నారు. 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ కూడా అంతే. ఎక్కువమంది నటులు కంచరపాలెం మనుషులే, పోస్టర్ మీద తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. రాసినవాళ్లూ చూసినవాళ్లూ నెత్తిన పెట్టుకోకపోతే ఆ సినిమా విశాఖ దాటేది కాదు. 48 గంటలు నోరు మూసుకోవాలన్న నియమం వస్తే పెద్ద సినిమాకు ఆ రెండు రోజుల వసూళ్లు ఎలాగూ ముందస్తు బుకింగ్‌లోనే వచ్చేస్తాయి. ఇలాంటి చిన్న సినిమా మాత్రం ఆ మౌనంలోనే పోతుంది. ఈ ముక్క నిషేధం అడిగేవాళ్లు ఎందుకు ఆలోచించరో నాకు అర్థం కాదు. చిన్న సినిమాలు తీసేవాళ్లు కూడా ఆ వేదికల మీద కూర్చుని చప్పట్లు కొడుతుంటారు.

‘కోర్ట్’ ఊసు ఎత్తాను కాబట్టి, సమీక్షకుడిగా నాలుగు ముక్కలు చెప్పే తీరతాను. 2013, విశాఖపట్నం. వాచ్‌మన్ కొడుకు, పంతొమ్మిదేళ్ల చందు. డబ్బున్న ఇంటి పిల్ల జాబిల్లి, పద్దెనిమిది నిండలేదు. ఇష్టపడ్డారు. ఆ పిల్ల మామయ్య మంగపతికి తెలిసింది. కుర్రాడి మీద పోక్సో కేసు పడింది. ఆ చట్టం 2012 నవంబర్ 14న అమల్లోకి వచ్చింది. కాబట్టి కథాకాలానికి అది పోలీసులకూ కొత్తే, ప్లీడర్లకూ కొత్తే, ఊళ్లో జనానికైతే పేరే తెలియదు. ఈ కాలాన్ని ఎంచుకోవడంలో రచయితల తెలివి ఉంది. ప్రియదర్శి చేసిన జూనియర్ లాయరు సగం సినిమా గడిచాక గానీ కేసు పట్టుకోడు. హీరో ఆలస్యంగా వస్తే భయపడిపోయే పరిశ్రమలో అది చిన్న ధైర్యం కాదు. మంగపతిగా శివాజీ ఇంట్లో ఆడవాళ్ల బట్టల గురించి, నడక గురించి మాట్లాడేటప్పుడు హాల్లో కొంతమంది ఆడవాళ్లు నవ్వలేదు, నిట్టూర్చలేదు, ఊరికే కదిలారు. అటువంటి మనిషిని ప్రతి కుటుంబంలోనూ చూశాం.

నా అభ్యంతరం కూడా మంగపతి దగ్గరే. అతన్ని అంత దుర్మార్గుణ్ణి చేశారు కాబట్టి కథ గెలిచింది. సాక్ష్యాలు తారుమారు, లంచాలు, అహంకారం, అన్నీ అతని ఖాతాలో. అతను ఓడితే న్యాయం గెలిచినట్టు. మరి ఆ మామయ్య మంచివాడైతే? నిజంగానే పిల్ల గురించి బెంగపడి, పైసా లంచం ఇవ్వకుండా, ఉన్నదున్నట్టు చెప్పి కేసు పెడితే? అప్పుడూ చట్టం అదే. పద్దెనిమిది లోపు పిల్ల సమ్మతికి చట్టం విలువ ఇవ్వదు. ఆ గీత ఎక్కడ గీయాలన్నది కష్టమైన ప్రశ్న, పిల్లల రక్షణ కోసం గీసిన గీత అది. సినిమా ఆ ప్రశ్న గడప దాకా వచ్చి, విలన్‌ను చూపించి పక్కకు తప్పుకుంది. జాబిల్లికి ఏం కావాలో కూడా మనకు పాటల్లో తెలిసినంత కోర్టులో తెలియదు. ఇంత చెప్పాక దీనికి ఎన్ని మార్కులు అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. చూడమంటాను, చూసి పోట్లాడుకోమంటాను.

ఇంకో చిన్న సినిమా ‘లిటిల్ హార్ట్స్’ గురించి ఇంత చెప్పడానికి లేదు. ఎంసెట్ లాంగ్ టర్మ్ కోచింగ్‌లో కలిసిన ఇద్దరు, ఫేస్‌బుక్ రోజులు, నవ్వులు. 2025 సెప్టెంబర్‌లో వచ్చింది, తక్కువ ఖర్చుతో తీసి ఎక్కువ నవ్వించింది. ర్యాంకు రాని పిల్లవాణ్ణి ప్రపంచం ముగిసినట్టు చూసే తండ్రులకు మాత్రం ప్రత్యేకంగా సిఫారసు చేస్తాను.

రేడియోలో మాట్లాడుతూ శబ్దం గురించి చెప్పకపోతే బాగుండదు. ‘సంక్షిప్త శబ్ద చిత్రం’ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. గంటసేపు బొమ్మ లేకుండా సినిమా వినేవాళ్లం. ‘మాయాబజార్’ వింటే ఘటోత్కచుడు ఎంత లావున్నాడో ఎస్వీ రంగారావు గొంతే చెప్పేది. పింగళి నాగేంద్రరావు గారి మాటలు ఒక్కటీ జారిపోయేవి కావు. ఇప్పటి భారీ సినిమా ఒకదాన్ని అలా ప్రసారం చేస్తే మీకు వినబడేది ఏమిటో ఊహించండి. ధన్ మని ఒక చప్పుడు, నెమ్మదిగా నాలుగు అడుగులు, మళ్లీ ధన్. మధ్యలో ఎవరో ఏదో అన్నారు, డప్పుల్లో కలిసిపోయింది. మన సినిమాల్లో నేపథ్య సంగీతం డైలాగును మింగేస్తోందని ఎంతమంది సమీక్షకులు రాశారు? ‘బీజీఎం అదిరింది’ అని మాత్రం అందరూ రాశారు. అదిరినమాట వాస్తవమే, కుర్చీలు అదిరాయి.

శబ్దం విలువ తెలిసిన సినిమా కావాలంటే 2023 మార్చి 3న వచ్చిన ‘బలగం’ మళ్లీ వినండి. అవును, వినండి. అప్పటిదాకా కామెడీ వేషాలతోనే గుర్తుపట్టిన వేణు యెల్దండి తీశాడు. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. మనవడు సాయిలుకు తాత పోయాడన్న దుఃఖం కంటే, అప్పులు తీర్చే కట్నం తెచ్చే పెళ్లి చెడిపోతుందేమో అన్న బెంగ ఎక్కువ. ముసలాయనకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. మూడో రోజు ముట్టదు, ఆ తర్వాతా ముట్టదు. ఊరంతా గోడ మీద కూర్చున్న పిట్ట వంక చూస్తూ ఉంటుంది. కోట్ల గ్రాఫిక్స్ పెట్టిన సినిమాలు రాబట్టలేని ఉత్కంఠను ఒక కాకి రాబట్టింది. ఇంటి అల్లుడికీ బామ్మర్దికీ ఏళ్ల నాడు మాటలు ఎందుకు పోయాయి? భోజనాల్లో నల్లి బొక్క, అంటే మూలుగ ఎముక, దగ్గర. బయటివాళ్లకు అది నవ్వులాట. తెలంగాణ పల్లెలో పెరిగినవాడికి అందులో నవ్వేమీ లేదని తెలుసు. విస్తట్లో నల్లి బొక్క పడడం మర్యాద, పడకపోవడం అవమానం. చివర్లో జానపద గాయకులు మొగిలయ్య, కొమురమ్మ కూర్చుని పాడే పాట వచ్చేసరికి కెమెరా పెద్దగా ఏమీ చేయదు. చేయకపోవడమే దర్శకుడి గొప్ప. ఆ మొగిలయ్య 2024 డిసెంబర్‌లో మనకు దూరమయ్యాడు.

ఈ సినిమాకు నా లెక్కలో ఒక లోపం ఉంది. మొదటి అరగంటలో సాయిలు డబ్బు తిప్పలు హాస్యం కోసం కాస్త సాగదీశారు. అయినా ఆ సినిమా జీవితం నా వాదనకు ఒక పక్క బలం, ఇంకో పక్క గండి. బలం ఎలాగంటే, దానికి జనం వచ్చింది మొదటి రోజు హడావుడితో కాదు, చూసినవాళ్ల మాట మీద. గండి ఏమిటంటే, 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపి మరీ కూర్చుని, ఓటీటీకి ఇచ్చే ముందు ఎనిమిది వారాలు ఆగాలని మాట్లాడుకున్నారు. ‘బలగం’ మార్చి 24 నాటికి, మూడు వారాలకే, ఓటీటీలో ఉంది. థియేటర్ ఆయుష్షు పెరగాలని వాదించే నాలాంటివాడికి అది నచ్చకూడదు. కానీ ఆ తర్వాతే కదా, తెలంగాణ పల్లెల్లో జనం నడివీధిలో తెర కట్టుకుని, చాపలు పరుచుకుని, ఊరు ఊరంతా కలిసి చూసింది. విడిపోయిన అన్నదమ్ములు ఆ రాత్రి మాట్లాడుకున్నారని పేపర్లలో వచ్చింది. ఏ వారాంతం లెక్కలోనూ ఆ ప్రేక్షకులు లేరు, ఏ పోస్టర్ మీదా ఆ వసూలు లేదు.

థియేటర్ల సంగతి కూడా ఒక మాట. 2024 మే నెలలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్ హాళ్లను పది రోజుల పాటు మూసేశారు. రివ్యూలకు భయపడి మూయలేదు. ఎన్నికలు, ఐపీఎల్, చెప్పుకోదగ్గ కొత్త సినిమా లేదు, కరెంటు బిల్లు కూడా రావడం లేదని మూశారు. మరుసటి ఏడాది మేలో ఎగ్జిబిటర్లు, మాకు అద్దె పద్ధతి వద్దు, వచ్చినదాంట్లో శాతం ఇవ్వండి అని పట్టుబట్టారు, జూన్ 1 నుంచి మూసేస్తామన్నారు. వాళ్ల బాధ సులభంగానే అర్థమవుతుంది. పెద్ద సినిమా మొదటి వారం నిండుగా ఆడి, రెండో వారం నుంచి ఖాళీగా ఆడుతుంది. ఏడాదికి అలాంటివి నాలుగో అయిదో. మిగతా వారాలన్నీ చిన్న సినిమాలతో నెట్టుకు రావాలి. ఆ చిన్న సినిమాకు టికెట్ ధర మాత్రం పెద్ద సినిమాకు అలవాటైన జేబుకే తగినట్టు ఉంటుంది.

అందుకని నిర్మాతలకు నాదొక సూచన. రివ్యూలను 48 గంటలు ఆపమని కోర్టుకు వెళ్లే బదులు, సోమవారం నుంచి గురువారం దాకా టికెట్ ధర సగం చేసి చూడండి. శుక్రవారం తీర్పును పట్టించుకోని జనం సోమవారం వస్తారు. ఆటోవాలా భార్యాపిల్లలతో వస్తాడు, కాలేజీ పిల్లలు క్లాసు ఎగ్గొట్టి వస్తారు, బాగుందో లేదో వాళ్లే చెబుతారు. ఇక మా సమీక్షకులకు కూడా ఒకటి. 2010లో ‘ఖలేజా’ను ఫ్లాపని రాసినవాళ్లున్నారు. అదే సినిమాను 2025 మే 30న మళ్లీ విడుదల చేస్తే హాళ్లు నిండి, డైలాగులు ప్రేక్షకులే ముందుగా చెప్పేశారు. పదిహేనేళ్లకు గానీ చదవలేకపోయిన సినిమాను గంటలో చదివేశామని ఎందుకనుకోవాలి? మొదటి రోజు రాసేది రాయండి, అది వార్త. నాలుగో వారం ఇంకోసారి వెళ్లి, అప్పటికి ఆ హాల్లో ఎవరు మిగిలారో, ఏ సీన్‌కు నవ్వుతున్నారో, ఏ సీన్‌కు ఫోను తీస్తున్నారో చూసి మళ్లీ రాయండి. నాలుగో వారానికి సినిమా హాల్లో ఉండదంటారా? అయితే ముందు ఆ సంగతే రాయండి, ఫలానా సినిమా ఫలానా ఊళ్లో ఎన్నో రోజున ఎందుకు ఎత్తేశారో, దాని స్థానంలో ఏది వచ్చిందో, పేర్లతో సహా.